పడ్డ మనిషిని ముట్టుకోరాదు

ఆ పొద్దున ఆకాశం, కురవడానికి ఎవరి అనుమతో రావాలన్నట్టు బిగబట్టుకుని ఉంది. ఆయమ్మ ఆసుపత్రి మెట్లెక్కి పైఅంతస్తు చేరేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారిగా వదిలేసింది. కాసేపటికి మగవాళ్ల వార్డు ముందు వరండాలో కప్పునుంచి చుక్క మొదలైంది. ఆ చుక్క ఏ వానకైనా ఒకే నేలపలకమీద పడుతుంది. పూర్వం దానికింద బకెట్టు పెట్టడానికి ఒక ఆయా ఉండేది. అప్పట్లో ఆ అంతస్తుకి అరడజనుమంది ఆయాలు. జీతాల భారం తగ్గించాలని ఒక్కొక్కరినే తీసేస్తూ వచ్చి ఈ ఆయమ్మ దగ్గర ఆగారు. ఆమెమీద ప్రేమ కొద్దీ కాదు. బొత్తిగా ఎవరూ లేకపోతే తనిఖీకి వచ్చేవాళ్లు ఒప్పుకోరు.

నీళ్లు తుడుద్దామని ఆయమ్మ గుడ్డ తీసింది. సిస్టరమ్మ వద్దంది. తుడుపు పని బయటి కంపెనీకి ఇచ్చారట. ఆ కంపెనీ ఒప్పందంలో దుమ్ము ఉంది, మురికి ఉంది, వాన లేదట. మనం తుడిచాక ఎవరన్నా జారితే సరిగా తుడవలేదని మన మెడకే చుట్టుకుంటుందట, తుడవకపోతే తప్పు వానదవుతుందట. ఆయమ్మ గుడ్డ మడిచి గూట్లో పెట్టేసింది. సిస్టరమ్మ చెడ్డది కాదు. మూడు వార్డులు ఒక్కతే చూసుకుంటూ, కూర్చోవడం ఎలాగో మరిచిపోయిన మనిషి.

భోజనాల వేళ దగ్గరపడుతుండగా కాటా తాత పడ్డాడు.

సంతలో బస్తాలు తూచి బతికినవాడు కాబట్టి ఆయనకు ఆ పేరు. మోకాలికి కట్టువేసి కాలును కర్రలా బిగించారు. వరండాలోంచి వాన చూద్దామని ఊతకర్ర పట్టుకుని బయల్దేరి, సరిగ్గా ఆ పలకమీదే అడుగు వేశాడు. పెద్ద చప్పుడేం కాలేదు. బస్తా దించినట్టు మెల్లగా దిగబడ్డాడు. దెబ్బ తగల్లేదు. కానీ వంగని కాలుతో నేలమీంచి లేవడం ఆయన తరం కాదు.

ఆయమ్మ పరుగున వెళ్లి చేతులు చాచింది. చాచినవి చాచినట్టే ఆగిపోయాయి. ఎదుట గోడమీద ఎర్రక్షరాల బోర్డు ఉంది. పడ్డ రోగిని మొదట ముట్టుకున్నవారిదే పూర్తి బాధ్యత అని. కిందటేడు ఇలాగే పడ్డ రోగిని ఒక ఆయా లేపి మంచమెక్కించింది. రోగి కోర్టుకెక్కాడు. ముట్టుకున్నది ఎవరని ఆసుపత్రి లాయరు ఒక్క ప్రశ్న అడిగి, కేసంతా ఆమె నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఉద్యోగమూ పోయింది. ఆయమ్మ ఇంట్లో కొడుకు నడుం దెబ్బతిని మంచం పట్టాడు, కోడలు చంటిదాన్ని వదిలి కదల్లేదు. సంపాదించే చేతులు ఈ రెండే. వాటిని వెనక్కి కట్టుకుంది.

"ఏం ఆయమ్మా, కాటామీద పెట్టి మరిచిపోయినట్టున్నారు," అన్నాడు తాత కిందనుంచి. "తూకం అయిందా?"

"కాస్త ఓపిక పట్టు తాతా. అడిగిగానీ లేపకూడదట."

"ఎవరిని, నేలనా?"

సిస్టరమ్మ ఫోన్ చేస్తే మేనేజరు వచ్చాడు. ముందుజాగ్రత్తగా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే వచ్చాడు. ఎవరు చూశారు, ఎవరు ముట్టుకున్నారు అని అడిగాడు గానీ నొప్పి ఎక్కడని అడగలేదు. మనిషిని ఎత్తాలంటే ఇద్దరుండాలని, ఉన్నది ఒక్క ఆయానే అని సిస్టరమ్మ గుర్తుచేసింది.

"అందుకేగా ఎత్తొద్దన్నది," అన్నాడు మేనేజరు.

ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. తాత మంచానికున్న నంబరు పలక ఊడదీసి తెచ్చి ఆయన పక్కన పెట్టమన్నాడు. నంబరు ఎక్కడుంటే మంచం అక్కడే, మంచంలో ఉన్నవాడు పడ్డట్టు కాదు అని ఆయన వాదన. సిస్టరమ్మ తెచ్చి పెట్టింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇలాంటిదే ఒకటి మా ఇంటి గడపకి కొట్టించండి బాబూ. ఇంటికి పోయినా ఇక్కడున్నట్టే."

లాయరుకి ఫోన్ కలిపి అందరికీ వినపడేలా పట్టుకున్నారు. పరుపు లేనిదే మంచం చెల్లదన్నాడు లాయరు. పరుపు వెయ్యాలంటే తాతను ఎత్తాలి. ఎత్తాలంటే ముట్టుకోవాలి. మేనేజరు విసుగ్గా ఒక అడుగు ముందుకేశాడు. నేలపలక తడిగానే ఉంది. జేబుల్లో చేతులు బయటికొచ్చే లోపు ఆయనా తాత పక్కన కూలబడ్డాడు. నడుం పట్టేసింది.

"లేపు ఆయమ్మా," అన్నాడు చెయ్యి చాచి.

ఆయమ్మ బోర్డు వంక చూసింది. "నేను రోగిని కాను కదా," అన్నాడు మేనేజరు. సిస్టరమ్మ అదే మాట ఫోన్లో అడిగింది. ఆసుపత్రిలో పడ్డవాడు పడ్డ క్షణంనుంచీ రోగేనట. కాదని తేలాలంటే డాక్టరు చూడాలట. డాక్టరు చూడాలంటే ముట్టుకోవాలి. మేనేజరు చాచిన చెయ్యి దించుకున్నాడు. తాత కాస్త పక్కకు జరిగి నంబరు పలకలో సగం ఆయనవైపు నెట్టాడు.

ఇంతలో భోజనం బండి వచ్చింది. బండివాడు నేలమీద ఇద్దరినీ చూసి, మంచందగ్గర తప్ప పెట్టకూడదు కదా అని నసిగాడు.

"మేనేజరుగారికీ పెట్టు నాయనా," అన్నాడు తాత. "కొత్తగా చేరారు."

మేనేజరు పళ్లెంవంక చాలాసేపు చూశాడు. నెమ్మదిగా ఆయన ముఖంలోకి వెలుగు వచ్చింది.

"మేం పడలేదు," అన్నాడు ఫోన్ వైపు తిరిగి. "భోజనానికి కూర్చున్నాం. తిని లేచేవాళ్లకి చెయ్యి అందిస్తే అది ఎత్తడం కాదు, మర్యాద."

లాయరు అన్నాడు, ఇద్దరే నేలమీదుండి మిగతావాళ్లు నిలబడి చూస్తే దాన్ని ప్రమాదం అంటారుగానీ భోజనం అనరని. అక్కడున్న వాళ్లంతా కూర్చుంటే మాత్రం భోజనమే అని.

బండివాడు మిగిలిన పళ్లేలు దించి తనూ గోడవారగా చతికిలబడ్డాడు. సిస్టరమ్మ అటూ ఇటూ చూసి, కూర్చోవడం మెల్లగా జ్ఞాపకం తెచ్చుకున్నట్టు ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు వంచింది. కూర్చున్నాక కళ్లు మూసుకుని ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆయమ్మ తాతకి తడివైపున కూర్చుంది.

తినడం మొదలైంది. మేనేజరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఉప్పుకోసమో ఏమో బండివంక చూశాడు. కిందటి నెల వంటింటి ఖర్చు తగ్గించింది తనేనని గుర్తొచ్చి కాబోలు, తలొంచుకుని నమిలాడు. సిస్టరమ్మ ఒక ఖాళీ గిన్నె జరిపి చుక్క కింద పెట్టింది. ఆనుకోవడానికి ఏమీ లేక తాత వెన్ను వణుకుతోంది. ఆయమ్మ కుడిచేత్తో ముద్ద కలుపుతూనే ఎడమచెయ్యి ఆయన వీపుకి ఆనించింది. మేనేజరు చూశాడు. చూసి, పళ్లెంలోకి తల దించుకున్నాడు. తాత ఆ చేతిమీద తన బరువంతా వదిలి తీరిగ్గా తినసాగాడు.