బాబిన్ల డబ్బాలో చీటీలు

కుట్టు షాపులో తెల్లదారం బాబిన్ కోసం డబ్బా తెరిచిన అక్కకు చీటీలు దొరికాయి. నాలుగు మడతలు పెట్టినవి, పదకొండు. ఒకటి విప్పి చదివింది.

'సోమవారం. కోటు సిద్ధంగా ఉన్నా అక్క రేపు రమ్మని అబద్ధం చెప్పింది.' ఇంకోదాంట్లో తన ఎనిమిదేళ్ళ కూతురు కూడా ఉంది. 'పాప పళ్ళు తోముకోకుండానే తోముకున్నానంది.'

చెల్లెలి చేతిరాతే. తొమ్మిదేళ్ళు ఒక అయ్యగారి భక్తుల గుంపులో ఉండి, ఏడు నెలల కిందట ఒక్క సంచితో వచ్చిన చెల్లెలు. అక్కడ రోజూ పక్కవాళ్ళ తప్పులు చీటీ రాసి అయ్యగారి పెట్టెలో వెయ్యాలట. ఆయన అందరి ముందూ చదివేవాడు. తప్పు చేసినవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి, నోరెత్తకూడదు. అయ్యగారి తప్పులు రాసిన చీటీ మాత్రం ఒక్కటీ లేదు లెండి!

ఆమెను ఇంట్లో పెట్టుకునే ముందు బావ ఒకే షరతు పెట్టాడు. "వాళ్ళకి ఇక్కణ్ణుంచి ఒక్క కాగితం వెళ్ళినా నేను ఊరుకోను. చిన్నపిల్ల ఉన్న ఇల్లు." మనిషి మంచివాడే, భయం ఎక్కువ. జిప్పులు కొనడానికి వెళ్ళాడు, పావుగంటలో వస్తాడు. చెల్లెలేమో రెండడుగుల దూరంలో తల వంచుకుని చొక్కాకు కాజాలు కుడుతోంది.

పాముకు పాలు పోసి పెంచానా అనుకుంది అక్క. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. అయినా వెళ్ళి షాపు తలుపు గడియ పెట్టింది.

"ఇవి ఎవరికి పంపుతున్నావు?"

చెల్లెలు చీటీలను చూసింది. సూదిని చొక్కాకు గుచ్చి, లేచి, గోడవైపు తిరిగి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

అక్కకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. "ఇటు తిరగవే! మీ బావ వచ్చేస్తాడు!"

"ఎవరికీ పంపలేదు," అంది చెల్లెలు గోడతోనే. "రాయకపోతే నిద్రపట్టదక్కా. రాసి మీ డబ్బాలో పడేస్తాను."

ఎప్పుడూ అంతే. మీ డబ్బా, మీ మిషను, మీ ఇల్లు. నమ్మాలా? "వారంలో వచ్చేస్తా" అని చెప్పి తొమ్మిదేళ్ళు రాకుండా పోయింది కూడా ఈ గొంతే. ఏం చెయ్యాలో తోచక అక్క ఇంకో చీటీ విప్పి గట్టిగా చదివింది.

"'డాక్టరుగారి ప్యాంటు అంచు వంకరగా కుట్టి, బట్టదే లోపం అంది.' వంకరా? నేనా? ఇరవయ్యేళ్ళుగా కుడుతున్నాను! అది సాగే బట్ట!"

చెల్లెలు తల ఇంకా వంచుకుంది.

"నామీద అబద్ధాలు రాస్తావా? మాట్లాడవేం?"

"వంకరే," అంది చెల్లెలు, వినీ వినపడకుండా.

"ఏంటీ?"

చెల్లెలు ఇటు తిరిగింది. "వంకరేనక్కా. ఎడమ కాలు. నేనే విప్పి మళ్ళీ కుట్టాను."

అక్క ఆమెను ఎగాదిగా చూసింది. చిన్నప్పుడు దువ్వెన కోసం తనతో జుట్టూ జుట్టూ పట్టుకున్న పిల్ల ఇది. తిరిగొచ్చిన దగ్గర్నుంచి 'సరేనక్కా' తప్ప ఇంకో మాట ఎరగదు. ఇన్నాళ్ళూ తనను భయపెట్టింది ఆ 'సరే'నే.

తలుపు దబదబమంది. "గడియెందుకు పెట్టారు?" బావ గొంతు.

చీటీలు దాచెయ్యడానికి క్షణం చాలు. అక్క దాచలేదు. గడియ తీసి, అన్నీ అతని చేతిలో పెట్టింది. చెల్లెలు మళ్ళీ గోడవైపు తిరగబోయి, ఆగింది.

"మన తప్పులు రాసింది," అంది అక్క. "ఎక్కడికీ వెళ్ళలేదు, బాబిన్ల కిందే ఉన్నాయి. నేను నమ్ముతున్నాను. మీవీ ఉంటాయి, చూసుకోండి."

అతను ఒకటి చదివాడు, రెండోది చదివాడు. మొహం కందగడ్డ అయింది.

"పాప బిస్కెట్లు నేను తిన్నానా?" అన్నాడు చివరికి. "చెప్పాను కదా, పిల్లి తినేసిందని!"

చెల్లెలు ఒకసారి అక్క వైపు చూసి, అతని వైపు తిరిగింది.

"మనింట్లో పిల్లి లేదు బావా," అంది.