మంచు తెలుపు కాదు

తెర మీద మూడో శిఖరం కింద నీడను అమ్మాజీ ఇంకొంచెం ముదురు చేసింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వెనక్కి వాలి చూసింది. చాల్లేదు. మణికట్టుకు చుట్టుకున్న పట్టీ బిగించుకుని మళ్ళీ ముందుకు వంగింది.

అమలాపురంలోని ఈ పెళ్ళి ఆల్బమ్‌ల షాపులో పదిహేడేళ్ళుగా ఆమె పని ఇదే. పచ్చ గుడ్డ ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డ జంటల వెనక కంప్యూటర్లో మంచుకొండలు నిలబెట్టడం. రాజోలు పెళ్ళికూతురికీ కొండలే కావాలి, కొత్తపేట పెళ్ళికొడుక్కీ కొండలే కావాలి. చిన్న గుట్ట కూడా లేని నేల మీద పుట్టిన అమ్మాజీ విశాఖపట్నం దాటి ఉత్తరానికి ఎప్పుడూ వెళ్ళలేదు.

మంచును ఆమె ఉప్పలగుప్తంలో నేర్చుకుంది. భర్త నూకరాజు అక్కడి ఐసు ఫ్యాక్టరీలో రొయ్యల పెట్టెల్లో ఐసు నింపుతాడు. ఆదివారాలు అన్నం పట్టుకెళ్ళి, పొడి కొట్టిన ఐసు గుట్టగా పోసి ఉంటే దాని ముందు గొంతుక్కూర్చునేది. ఎండ పడ్డ వైపు లేత పసుపు. ఎండ తగలని వైపు నీలం. "ఐసుని ఎవరైనా అలా చూస్తారా?" అని నవ్వేవాడు నూకరాజు.

యజమాని వీర్రాజుకి మాత్రం ఆ నీలం గిట్టదు. "ప్రింటు పాడైందనుకుంటున్నారండి జనం. తెల్లగా కొట్టెయ్యండి" అని మొదట్నుంచీ పోరు. ఆమె తలూపి "ఆయ్" అంటుంది. నీలమే వేస్తుంది.

ఆ రోజు పదకొండింటికి అప్పన్న గారని ఒక పెద్దాయన వచ్చారు. మిలటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ నడిచారు. మంచుకొండల మీద తీయించుకున్న ఫోటోలన్నీ వరదలో ట్రంకుపెట్టెతో సహా తడిసి ముద్దైపోయాయట. మిగిలింది యూనిఫారంలో ఉన్న ఒక్క ఫోటో. దాని వెనక కొండ పెట్టివ్వాలి.

"రెండు నిమిషాలు కూర్చోండి" అన్నాడు వీర్రాజు. కిందటి నెల కొన్న, అడిగిన బొమ్మ గీసిచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఏదో టైపు చేశాడు. చెప్పినట్టే రెండు నిమిషాల్లో కొండ వచ్చింది. పాలనురగలా ఉంది. అప్పన్న గారు చాలాసేపు చూశారు.

"బాగుందండి. కానీ నేనిక్కడ లేనండి."

"అంటే ఏంటండీ?"

"నా కాలివేళ్ళు రెండు అక్కడే పోయాయండి, చలికి. ఎక్కడ పారేసుకున్నావు తాతా అని మనవరాలు అడుగుతోంది. చోటు చూపిద్దామని."

అమ్మాజీ కుర్చీ ఇటు తిప్పింది. "ఆ పూట ఎండ ఎటు నుంచి పడేదండీ?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండు చేతులూ గాలిలోకి లేచాయి. ఇక్కడ ఎత్తు, ఇక్కడ పల్లం, ఇదిగో ఇక్కడ గాలికి మంచు పొగలా లేచేది. సాయంత్రం నాలుగింటికి ఎండ కుడివైపు నుంచి. "నీడ మాత్రం తెల్లగా ఉండదండోయ్. ఎవరికి చెప్పినా నమ్మరు. నీలంగా..."

అమ్మాజీ ఇంకేమీ అడగలేదు. అన్నానికి కూడా లేవలేదు. రాయి మీద రాయి పేర్చినట్టు ఆ కొండని కట్టుకుంటూ వచ్చింది. ఫోటోలో ఆయన మొహం మీద వెలుగు ఎటుందో చూసి, కొండ మీద వెలుగునీ అటే తిప్పింది. శిఖరం అంచున గాలికి లేచే మంచుపొడికే గంట పట్టింది.

మూడున్నరకి వీర్రాజు వెనక వచ్చి నిలబడ్డాడు.

"మళ్ళీ అదే నీలం. రెండు నిమిషాల పనికి పూటంతా పెట్టేరు. తీసెయ్యండి."

"తియ్యనండి."

ఆ మాట విని ఆమే ఉలిక్కిపడింది. పదిహేడేళ్ళలో ఆయ్ తప్ప వేరే మాట అతనితో అనలేదు.

వీర్రాజు గొంతు పెంచలేదు. చెడ్డవాడు కాదు. "చూడండమ్మా, జనం ఆగట్లేదు. రాజమండ్రి పోతున్నారు. రేపట్నుంచి మీరు కౌంటర్లో కూర్చోండి. జీతం అదే. ఇక్కడ నేను చూసుకుంటాను."

ఆమె మీట నొక్కింది. ప్రింటు తీసింది. ఇంకా వెచ్చగా ఉన్న కాగితాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని బయటికి తెచ్చి, అప్పట్నుంచీ బల్ల మీదే కూర్చున్న అప్పన్న గారి చేతిలో పెట్టింది. ఆయన వేలు శిఖరం మీంచి మెల్లగా కిందికి దిగి, నీలం నీడలో ఒకచోట ఆగింది.

"ఇక్కడండి," అన్నారు. తలెత్తారు. "మీరెప్పుడు వెళ్ళేరమ్మా అక్కడికి?"

"వెళ్ళలేదండి."

ఆయన లేచి నిలబడి, ఈడ్చే కాలిని రెండో కాలి పక్కకి చేర్చి, చెయ్యెత్తి సెల్యూట్ చేశారు. రోడ్డు మీద ఆటోవాడు ఆగి చూశాడు. అమ్మాజీకి ఏం చెయ్యాలో తోచక కొంగు సర్దుకుంది.

ఆయన వెళ్ళాక లోపలికొచ్చి సంచి సర్దుకుంది.

"కౌంటర్లో కూర్చోనండి వీర్రాజు గారూ. రేపట్నుంచి రాను."

"తొందరపడకండి. ఎక్కడికెళ్తారు?"

"ఇంట్లో వేసుకుంటాను. పిల్లాడు చదువుకున్న కంప్యూటరుంది. నిదానంగానే పనిచేస్తుంది. నేనూ అంతే కదండీ."

"మంచుకి నీలం వేస్తే ఎవరు కొంటారండీ?"

"ఇవాళొకరు కొన్నారు కదండీ." గుమ్మంలో చెప్పులు వేసుకుని వెనక్కి తిరిగింది. "మంచు తెల్లగా ఉండదు. ఇన్నాళ్ళూ గట్టిగా చెప్పలేదు. అదొక్కటే నా తప్పు."

నాలుగున్నర బస్సుకి సరిగ్గా అందింది.

వీర్రాజు ఆమె కుర్చీలో కూర్చున్నాడు. మర్నాటికి ఇవ్వాల్సిన ఆల్బమ్ ఒకటుంది. ఏదో తప్పు నొక్కి, వెనక్కి వెళ్దామని మీట కోసం వెతికి ఆగిపోయాడు. అమ్మాజీ కీబోర్డు మీద అక్షరాలు సగానికి పైగా లేవు. వేళ్ళ రాపిడికి అరిగి, ఏ మీట ఏదో తెలియకుండా, నల్లగా, నున్నగా మెరుస్తున్నాయి.