పసుపు గంపలో పుస్తకం

నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుని పని చేసుకుంటుంటే ఏం మాట్లాడుకుంటారో ఎవరినైనా అడిగి చూడండి. కూరల సంగతి, కోడళ్ల సంగతి అంటారు. ఎడపల్లిలో అంజవ్వ కూడా అలాగే అనుకుంది. అది 1963, మాఘమాసం. ఆమె ఇంటి వెనక కల్లంలో ఉడికించి ఆరబెట్టిన పసుపు కుప్పలుగా ఉంది. కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి మండలు ఒక పక్కకు ఏరాలి. ఆ ఊళ్లో ఈ పనికి ఇళ్లవాళ్లు బదలు వెళ్తారు. ఇవాళ నీ కల్లంలో, రేపు నా కల్లంలో. అంజవ్వ వసారాలో కూర్చుని చూస్తుంటే ఆమె కోడలు రుక్మాబాయి, ఇరుగింటి గంగమణి, వెనక వీధి రామ్‌దాస్ భార్య సుమిత్రమ్మ, ముసలి కూలి రాములవ్వ కుప్ప చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. మాటలు సన్నగా వినిపిస్తున్నాయి. ఏవో ముచ్చట్లని అంజవ్వ ఆవులించింది.

ఆ ముచ్చట్లు ఇవి.

"నువ్విప్పుడేం సదువుతున్నవే రుక్మా?" అని గంగమణి అడిగింది.

"లాయరు బిడ్డ కథ. సగమైంది. నువ్వు?"

"గది నాదెప్పుడో అయిపాయె. బాయికాడ ఆమె ఉత్తరం ఇప్పుతది సూడు, ఆడ నాకు కండ్లల్ల నీళ్లాగలే. సుమిత్రక్కా, దీని తరువాత నువ్వు తప్పకుండ గదే సదవాలె."

"సదువుతగని, ఆఖరికేమయితదో సెప్పకు!"

"దొంగల కథ ఏమైందే?" అని రాములవ్వ అడిగింది. ఆమెకు అక్షరం రాదు. "గా దొంగ దొరికిండా లేదా, నాకు గది సెప్పుండ్రి. రాతిరి నిద్ర వడ్తలేదు."

గంగమణి తమ్ముడు ముత్యం నిజామాబాద్‌లో ఒక హోటల్లో పని చేసేవాడు. అక్కడ పాతబడిన వారపత్రికలను అక్క కోసం దాచిపెట్టేవాడు. గంగమణి వాటిలోంచి సీరియల్ కాగితాలు విడదీసి, వరసగా పెట్టి, గోనెపట్టా దారంతో కుట్టేది. అదే వాళ్ల పుస్తకం. అట్ట లేదు, పేరు కూడా సగం చిరిగిపోయి ఉండేది. కల్లం మారినప్పుడల్లా అది ఖాళీ గంప అడుగున, పసుపు గుడ్డ కింద, మరో ఇంటికి చేరేది. చదివినవాళ్లు తమకు నచ్చిన చోటు చెప్పాలి, ముగింపు మాత్రం చెప్పకూడదు. ఆ ఒక్క కట్టుబాటుతో ఆ పుస్తకాలు ఎన్ని ఇళ్లు తిరిగాయో గంగమణికే లెక్క తెలియదు.

మంచిదే కదా, ఇందులో దాచుకోవడానికేముంది అంటారా? అంజవ్వను అడగండి. ఆమె మరదలు ఒకతి చదువుకున్నది. పుట్టింటికి ఉత్తరం రాసింది, అన్నదమ్ములు వచ్చి పంచాయితీ పెట్టారు, ఇల్లు రెండయింది. ఆనాటి నుంచి ఆడదాని చేతిలో కాగితం కనిపిస్తే అంజవ్వకు పాము కనిపించినట్టే. "సదవేస్తే ఉన్న మతి పోయిందట" అన్నది ఆమె రోజూ జపించే మంత్రం. నాలుగు నెలల కిందట బియ్యం బస్తా వెనక కోడలి పుస్తకం దొరికింది. అంజవ్వ దాన్ని తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. అంతటితో ఊరుకోలేదు. నెల వయసున్న మనవరాలిని ఎత్తుకొచ్చింది.

"బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టు. ఇగ పుస్తకం ముట్టనని ఒట్టెయ్యి."

రుక్మాబాయి ఒట్టు వేసింది. ఆమె మగడు దేవిదాస్ పక్కనే నిలబడి ఎడ్ల కొమ్ములకు నూనె రాస్తూ ఉండిపోయాడు. బోధన్‌లో ఏడు తరగతులు చదివిన పిల్ల ఆమె. నలభై రోజులు మాట నిలబెట్టుకుంది. నలభై ఒకటో రోజు గంగమణి గంపలోంచి లాయరు బిడ్డ కథ తొంగి చూసింది. ఆకలైన మనిషి ముందు అన్నం పెట్టి వద్దంటే ఎన్నాళ్లు ఆగుతాడు?

ఒక సోమవారం గంగమణి నడుం పట్టుకుని వచ్చింది. తమ్ముడి ఇంటికి వెళ్లి వచ్చి పన్నెండు రోజులైంది. అక్కడినుంచి తెచ్చిన కాగితాల్లో దొంగల కథ ఆఖరి భాగం ఉంది. అత్త కంట పడకుండా ఇద్దరూ పసుపు కుప్ప చాటున కూర్చుని ఒకే కాగితం మీద తలలు ఆనించి చదివారు. రుక్మాబాయి ఒళ్లో బిడ్డ ఉంది. గంగమణి మధ్యమధ్య బిడ్డ బుగ్గలు ముద్దాడింది. కాసేపటికి సుమిత్రమ్మ కూడా తన మూడేళ్ల కూతురిని ఎత్తుకుని వచ్చి వాళ్ల మధ్యన ఇరుక్కుంది.

"నీ ఒళ్లు కాలుతున్నదేందే గంగా?" అంది సుమిత్రమ్మ.

"సెరుకు కొట్టబోయిన గదా, నడుం వట్టింది. రేపటికి తక్కువైతది తియ్యి."

తక్కువ కాలేదు. గురువారం పొద్దున రాములవ్వ ఒక్కతే కల్లానికి వచ్చింది. వచ్చి, గంప దించకుండానే, రుక్మాబాయి చెవిలో చెప్పింది.

"గంగమణికి తల్లి పోసింది బిడ్డా. మొఖమంత పొక్కులే. తలుపుకు యాపకొమ్మలు గట్టిండ్రు."

రుక్మాబాయికి ముందు గుర్తొచ్చింది గంగమణి కాదు. ఒట్టు! బిడ్డ నెత్తి మీద చేయి పెట్టి అన్న మాట తప్పింది. మశూచి తల్లి ఊరికే వస్తుందా? ఇరుగింటికొచ్చింది, రేపు తన ఇంటికి, తన బిడ్డ దగ్గరికి. ఆమె గదిలోకి పరుగెత్తి బిడ్డ ఒళ్లంతా తడిమి చూసింది. ఏమీ లేదు. మళ్లీ చూసింది. తర్వాత వడ్ల కుండలో దాచిన పుస్తకం తీసింది. దాన్ని పసుపు నీళ్లు చల్లి తుడిచింది, వేపాకు పొగ పట్టింది, అప్పటికీ భయం పోక పొయ్యిలో పెట్టింది. రోగం కాగితాల్లో ఉందనుకుంది పాపం. రోగం ఆ సోమవారం గంగమణి ఊపిరిలో ఉంది. ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు, అడిగే ధైర్యం ఆమెకు లేదు.

ఆ మధ్యాహ్నమే బోధన్ నుంచి టీకాల సారు ఏసుదానం సైకిలు మీద వచ్చాడు. గుండ్రటి పళ్ల బిళ్లను చేతి మీద పెట్టి తిప్పే రోజులవి. ఆ పుండు మానడానికి మూడు వారాలు పట్టేది. టీకా వేస్తే తల్లికి కోపం వస్తుందని అంజవ్వ నమ్మకం. సారు వీధి మొదట్లో ఉండగానే ఆమె నిద్రపోతున్న బిడ్డను గదిలో పసుపు బస్తాల వెనక పండబెట్టి పైన చీర కప్పింది.

"పసిపిల్ల ఉండాలే గదా అవ్వా, ఏది?" అని అడిగాడు ఏసుదానం.

"ధర్పల్లికి, తల్లిగారింటికి తోలిచ్చిన" అంది అంజవ్వ. కోడలు పక్కనే నిలబడి ఉంటే పాలుతాగే పిల్ల ఒక్కతే ఊరికి ఎలా పోయిందో ఆమెకే తట్టలేదు.

ఏసుదానానికి తట్టింది. అయినా దబాయించలేదు. నిజామాబాద్ మెథడిస్టు పేటలో పుట్టిన మనిషి, చిన్నప్పుడు ఈ రోగానికే అన్నను పోగొట్టుకున్నాడు.

"సూడుండ్రి" అన్నాడు ఆడవాళ్లందరికీ వినబడేలా. "గంగమణి దగ్గర ఈ నాలుగు దినాలల్ల ఎవలు కూసున్నరో నాకు సెప్పుండ్రి. తాకినంక నాలుగు దినాలల్ల టీకా వడ్తే బతికేటట్టుంటది. గది దాటితె నేనేం చెయ్యలేను. కాశయ్యను అడిగితే నా పెండ్లాం ఎవల దగ్గర కూసోలే, ఇంట్లనే ఉన్నదంటున్నడు."

గంగమణి మగడు కాశయ్య అబద్ధం చెప్పలేదు. అతనికి తెలియదు. ఏ మగవాడికీ తెలియదు.

రుక్మాబాయి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. సోమ, మంగళ, బుధ, గురు. నాలుగోది ఇవాళే. చెప్తే ఒట్టు బయటపడుతుంది. అత్త ఊరుకోదు, పుట్టింటికి తరిమినా తరుముతుంది. చెప్పకపోతే? సారు కాగితం మీద 'బిడ్డ ఊళ్లో లేదు' అని రాసుకుని సైకిలు తిప్పాడు.

రుక్మాబాయి గదిలోకి వెళ్లింది. బిడ్డ నిద్ర లేచింది. ఏడవలేదు. చీర తొలగించుకుని, పసుపు దుమ్ములో కాళ్లాడిస్తూ తల్లిని చూసి నవ్వింది. రుక్మాబాయికి ఇక ఏ భయమూ పెద్దదిగా కనిపించలేదు. బిడ్డను ఎత్తుకుని అత్త పక్కనుంచే వీధిలోకి పరుగెత్తింది.

"సారూ! ఆగుండ్రి! నా బిడ్డ ఈడనే ఉన్నది. సోమవారం గంగమణి నా పక్కపొంటి కూసున్నది. ఇద్దరం పుస్తకం సదివినం. నా బిడ్డను ముద్దువెట్టుకున్నది."

వీధి వీధంతా వింది. వెనకే వచ్చిన అంజవ్వ చేయి ఎత్తింది. కాని ఆ చేయి దిగలేదు.

"ఒట్టు వెట్టిచ్చింది నేను" అంది. "బిడ్డ నెత్తి మీద... సారూ, గా ఒట్టు నా మన్మరాలికి తాకుతదా?"

"ఒట్టు తాకదవ్వా. దాసిపెడ్తె తాకుతది" అన్నాడు ఏసుదానం. "నీ కోడలు ఇయ్యాల నోరు తెరిసింది గాబట్టి బిడ్డకు అదును దొరికింది. చెయ్యి పట్టుకో."

అంజవ్వే బిడ్డ చేయి పట్టుకుంది. బిడ్డ ఏడిస్తే ఆమె కూడా ఏడ్చింది.

ఏసుదానం తెలివైనవాడు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ 'గంగమణిని కలిశారా' అని అడగలేదు. రాములవ్వను వెంటబెట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్లి 'ఈ వారం గంగమణి చేతికెళ్లి పుస్తకం ఎవలు తీసుకున్నరు' అని అడిగాడు. మొదట అందరూ తలలు దించుకున్నారు. రాములవ్వ "దొంగల కథ నేను ఇన్న, ముందుగాల నాకే పొడువుండ్రి" అని తన ముడతల చేయి చాపింది. అప్పుడు ఒక తలుపు వెనక నుంచి "నేను గుడ సదివిన" అని వినిపించింది. తర్వాత ఇంకో తలుపు. సాయంత్రానికి ఏడు ఇళ్లు తేలాయి. అత్తలు నోళ్లు తెరిచారు, మగవాళ్లు మీసాలు సవరించుకున్నారు, చేతులు మాత్రం చాపారు.

సుమిత్రమ్మ ఇంటి గడపలో రామ్‌దాస్ నిలబడి ఉన్నాడు. "మా ఇంట్ల ఆడోళ్లు గసొంటి పనులు చెయ్యరు" అన్నాడు. రాములవ్వ లోపలికి తొంగి చూసి కళ్లతోనే బతిమాలింది. ఒక ఆడదాని గుట్టు ఆమె మగడి ముందు విప్పరాదని రుక్మాబాయి లాగే ఆమె కూడా అనుకుంది. సుమిత్రమ్మ కూతురిని కొంగు చాటుకు లాక్కుంది. ఆ నలుగురిలో అందరికంటే బాగా చదివేది ఆమే.

"అమ్మా, నీకు సదువొస్తదా?" అని ఏసుదానం అడిగాడు.

సుమిత్రమ్మ మగడి ముఖం చూసింది. "నాకు అక్షరం ముక్క రాదు సారూ. నేనెవల దగ్గర కూసోలే" అంది.

మరుసటి రోజు బోధన్ ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్ల వరసలోంచి దేవిదాస్ తిరిగొచ్చాడు. విషయం విని బిడ్డ పక్కన కూలబడ్డాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. బిడ్డ చేయి వాచింది, జ్వరం వచ్చింది, టీకాదో తల్లిదో తెలియక ముగ్గురూ బిక్కచచ్చిపోయారు. అంజవ్వ గంటకోసారి బిడ్డ ముఖం వెలుతురుకు తిప్పి చూసేది. దోమ కాటు కనిపించినా కొడుకును కేకేసేది. జ్వరం తగ్గింది. పది రోజులు గడిచాయి, పన్నెండు, పద్నాలుగు. బిడ్డ ముఖం నున్నగానే ఉంది.

రామ్‌దాస్ ఇంటి తలుపుకు మాత్రం పదమూడో రోజున వేపకొమ్మ కట్టారు. మూడేళ్ల పిల్ల తొమ్మిది రోజులు కొట్టుకుని పోయింది.

గంగమణి బతికింది, ఒక కన్ను పోయింది. టీకా పడిన ఆ ఏడు ఇళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. నెల తర్వాత ఆమెను చూడటానికి అందరూ కాశయ్య వాకిట్లో చేరారు. సుమిత్రమ్మ కూడా వచ్చింది. రామ్‌దాస్ వెనకాలే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

"సారు నన్ను ఒక్కటే మాట అడిగిండు" అంది సుమిత్రమ్మ. ఆమె కళ్లలో నీళ్లు కూడా లేవు. "సదువొస్తదా అని. రాదన్న. గా ఒక్క మాటకు నా బిడ్డ పోయింది."

రామ్‌దాస్ ముందుకొచ్చాడు. "నాకు సెప్తె నేను వద్దందునా? నాకు ఎర్క లేకపాయె..."

అంజవ్వ లేచి నిలబడింది.

"నీకెట్ల ఎర్కుంటది రామ్‌దాసు? నీ మొఖం సూస్తె నీ పెండ్లానికి బిడ్డ పానం కన్న నువ్వే ఎక్కువ భయమైనవ్. నేను నీకన్న మంచిదాన్నేం గాదు. నా కోడలు దాసుకున్నదని తిట్టిన. దాసుకునేటట్టు చేసింది నేనే గదా. నా మన్మరాలు బతికిందంటె గది నా గొప్ప గాదు, నా కోడలి ధైర్యం. గా ధైర్యం అందరికి ఉండదు. ఉండాలని అడగొద్దు గుడ. మనం భయపెట్టుడు మానాలె."

ఆ మాట ఎడపల్లిలో ఒక్క వాకిట్లో చెప్పిందే గాని ఒక్క ఎడపల్లికి చెప్పింది కాదు. ఇది చదువుతున్న అయ్యలారా, అత్తలారా, మీ ఇంటి కోడలు ఇప్పుడేం పుస్తకం చదువుతున్నదో ఇవాళే అడగండి. జవాబు చెప్పేముందు ఆమె ఒక్కసారి మీ ముఖం కేసి భయంగా చూసిందంటే, మీ ఇంట్లో పసిబిడ్డలకు ఇంకా ప్రమాదం తప్పలేదని తెలుసుకోండి.