రేఖ పడుకున్న ఆదివారం

ఆదివారం పొద్దున్న భాగ్యరేఖ రాయపూర్ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచానికి అడ్డంగా పడింది. పడుతూనే ఒక్క మాట అంది.

"ఇంక నా వల్ల కాదొదినా. మానేస్తాను."

కృష్ణప్రియ వంగి ఆ చెప్పులు తనే విప్పింది. అయిదున్నరేళ్ల ఎంబీబీఎస్సు, రెండుసార్లు రాస్తేగానీ రాని పీజీ సీటు, ఇప్పుడు పిల్లల డాక్టరు చదువులో మొదటి ఏడు. ముప్పై ఆరు గంటలు ఏకబిగిన డ్యూటీ చేసొచ్చిన ఆడబిడ్డ అంది గదా అని పట్టించుకోకుండా ఉండడానికి లేదు. తనూ పదో తరగతిలో ఇలాగే ఓ జ్వరంనాడు మానేస్తానంది. నాన్న సరేనన్నాడు. ఒక్క పూట ఆగి అడిగినవాళ్లు లేరు. అందుకే ఈ పిల్ల ముందు నిద్రపోవాలి, మాటలు తర్వాత. సాయంత్రం అయిదు బండి ఎక్కకపోతే రేపటి డ్యూటీకి అందదు.

కానీ స్టీలు ప్లాంటు కార్మికుల పేట ఖుర్సీపార్‌లో డాక్టరు వచ్చిందంటే దాగుతుందా? తొమ్మిదయ్యేసరికి చిన్నమ్మలు పన్ను నొప్పంటూ మనవరాల్ని పట్టుకొచ్చింది. ఆమె వెనకే అప్పయమ్మ, కొడుకు అన్నం తినడం లేదనీ, ఏదైనా టానిక్కు రాయించమనీ.

ఆ వీధిలో ఒక కట్టుబాటుంది. ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాడు పడుకుంటే ఆ ఇంటి ముందు పిల్లలు క్రికెట్టాడరు, పక్కింట్లో కుక్కరు కూత వెయ్యదు. ఎదురింటి అప్పలసూరి నిద్రకి ముప్పయ్యేళ్లుగా వీధంతా కాపలాయే. కృష్ణప్రియ ఆ సంగతే గుర్తు చేస్తే అప్పయమ్మ నవ్వింది.

"ఆడపిల్లకి నైటు షిఫ్టేటమ్మా? ఫర్నేసు దగ్గర నిలబడిందేటి?"

కృష్ణప్రియకి ఒళ్లు మండింది. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తను కూడా, కొడుకు తుమ్మితే చాలు, రేఖకి ఫోను చేసే మనిషే. రేఖ ప్రతిసారీ అడిగే ప్రశ్నలు కంఠతా వచ్చేశాయి. నీళ్లు తాగుతున్నాడా, ఒంటేలుకి పోతున్నాడా, ఊపిరి ఎలా ఉంది? అవే అడిగి, ఆడుకునే ఓపికున్న పిల్లల్నందర్నీ సాయంత్రం నాలుక్కి రమ్మని తిప్పి పంపింది. కోడలికి గర్వమంటూ అత్తగారు వరలక్ష్మమ్మే లోపలి నుంచి గొణిగింది.

పదకొండింటికి కనకరత్నం మూడు నెలల మనవణ్ని చీర కొంగులో చుట్టి తెచ్చింది. ఉత్త జలుబేనంది. కృష్ణప్రియ అలవాటుగా బిడ్డ చొక్కా పైకెత్తి చూసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. రాత్రి నుంచీ పాలు తాగడం లేదట.

కుర్చీ తన్నేసి బిడ్డతో లోపలికి పరిగెత్తింది. మూడు గంటల నిద్ర. లేపితే ఈ పిల్ల ఇంక ఆ చదువు మొహం చూడదు. ఛీ, ఏం బతుకు, అనుకుంటూనే భుజం పట్టి కుదిపింది.

రేఖ కళ్లు తెరిచి బిడ్డని చూసింది. "ఆటో పిలు, జల్దీ," అంది. నలిగిన బట్టల మీదే చున్నీ కప్పుకుని, బిడ్డని తనే ఎత్తుకుని ఎక్కింది.

రెండున్నరకి ఫోనొచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారట, ఊపిరి కుదుటపడుతోందట. తనకి మహా ఆకలిగా ఉందట. అయిదు బండికి బ్యాగు సర్ది ఉంచమంది.

"మరి మానేస్తానన్నావు?"

"అన్నాను. వచ్చే ఆదివారం కూడా అంటాను. నువ్వు ఇనకు."

ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఏడవచ్చుగా. కృష్ణప్రియ ఫోను పెట్టేసి బ్యాగు తెరిచింది. తెల్ల కోటు భుజం మీద ఎవరి బిడ్డో పాలు కక్కిన మరక, ఎండి గట్టిపడిపోయింది. ఉన్నదల్లా రెండున్నర గంటలు. ఇప్పుడు ఉతికితే ఇది ఎప్పుడు ఆరాలి, ఎప్పుడు ఇస్త్రీ చెయ్యాలి అని తిట్టుకుంటూ కుళాయి తిప్పింది.