సముద్రపు చేప

కోటబొమ్మాళి బజారులో గున్నమ్మ మంచునీళ్ల తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచి పండుగప్ప చేపలను పైకి తీస్తోంది. అరవై ఏళ్ల చేతులు. వేళ్ల సందుల్లో ఉప్పుకు పగిలిన గీతలు. ఎడమ బొటనవేలికి గోరు లేదు.

ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. ఒకప్పుడు తెప్ప ఒడ్డుకు తగలగానే గంప నెత్తికెత్తుకుని పొలాల ఊళ్లకు నడిచేది. చేప పోసి ధాన్యం కొలిపించుకునేది. ఇప్పుడు ఎగుమతి కంపెనీ లారీ మంచు నింపుకుని ఒడ్డుకే వస్తుంది. వల దులిపీ దులపకముందే చేప విశాఖ దారి పడుతుంది. అందుకే గున్నమ్మ ఖాళీ చేతులతో ఆటో ఎక్కి ఇక్కడికొచ్చి, భీమవరం వైపు చెరువుల్లో పెంచిన చేపను వ్యాపారి ధనరాజు దగ్గర తీసుకుని అమ్ముతోంది. మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ చేయనివాళ్లకు అతను మర్నాడు చేప ఇవ్వడు. ఆమెకు నిన్ననే ఆఖరిసారి చెప్పాడు.

ముప్పై ఏళ్లుగా ఆమె దగ్గరే కొనే రైతు జగన్నాధం వచ్చి వంగి చూశాడు.

“సముద్రం సేపేనా గున్నమ్మా?”

“కాదు బాబూ. సెరువుది.”

అతను పక్కకు జరిగాడు. పక్కనే ధనరాజు ఇచ్చిన అదే చెరువు చేప అమ్ముతున్న కూర్మమ్మ, “సముద్రందే బాబూ, పొద్దున్న పట్టినాది” అంది. రెండు చేపలు కొన్నాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. తొట్టి సగం కూడా తగ్గలేదు. సంచీతో ఒక పడుచు వచ్చి, ఎక్కడి చేప అని అడిగింది.

గున్నమ్మ తల వంచుకుంది. “సముద్రందేనమ్మా.”

“అయితే వద్దు. మా పిల్లలు సెరువుదే తింతారు. సముద్రంది కంపు.”

ఆమె వెళ్లిపోయింది.

కూర్మమ్మ నవ్వింది. “మొకం సూసి సెప్పాలొదినా. ఇన్నేళ్లొచ్చినా తెలవలేదేటి నీకు?”

కాసేపు చుట్ట కాల్చి గూట్లో పెట్టి, గున్నమ్మ స్తంభానికి చేరగిలబడింది. కునుకు పట్టిందనుకున్నారు.

ధనరాజు వచ్చి తొట్టి చూశాడు. “రేపట్నుంచి నువ్వు రాకు” అన్నాడు. తొట్టి ఎత్తి మిగిలిన చేపను కూర్మమ్మ తొట్టిలోకి వంపేశాడు. అంచు తగిలి గున్నమ్మ చెయ్యి ఒళ్లోంచి జారి, అలాగే వేలాడింది. అప్పుడు వంగి ముఖంలోకి చూశాడు.

శవాన్ని ఎక్కించనన్నాడు ఆటోవాడు. చివరికి ఒడ్డుకు వెళ్తున్న కంపెనీ లారీని ఆపి, మంచు పెట్టెల మధ్య పడుకోబెట్టారు. “ఒడ్డు సేరగానే దించియ్యాల. తెప్పలొచ్చే టైమయింది” అన్నాడు డ్రైవరు.

లారీ వెళ్లింది. కూర్మమ్మ ఆ చోటు కడిగి తన తొట్టి అక్కడికి జరుపుకుంది.

స్తంభం గూట్లో గున్నమ్మ చుట్ట మిగిలింది. నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చినది. సగంలోనే ఆరిపోయింది, ఆ కొస ఇంకా తడిగానే ఉంది.