ఎఱుగని తల్లి మ్రొక్కు

మాఘమాస ప్రాతఃకాలమున మంచుతెరలు మెల్లమెల్లగా విచ్చుకొనుచుండ చూతమంజరీపరిమళభరితమైన మందమారుతము నరసింహస్వామి కొండమెట్లపై భక్తజనుల తడివస్త్రములను కదల్చుచు సంచరించుచుండెను. వేదాద్రి మాత్రము తన మూడేండ్ల కొమరుని ముఖమును ఉత్తరీయముతో గప్పి యెవరి కంటను బడకుండ తలవంచుకొని మెట్లెక్కుచుండెను.

ఆఱు నెలల క్రిందట ఈ కొండపైననే బాలునకు పుట్టువెండ్రుకలు తీయించి, ఏడ్చియేడ్చి బోడితలతో తల్లి తాయారు ఒడిలో సోలిన ఆ పసివాని రూపమును ఫోనున బట్టి, బంధుజనుల దీవెనలు గోరి అంతర్జాలమున లోకమెల్ల జూచునట్లు నిలిపినవాడు అతడే. దీవెనలు వచ్చెను. పిమ్మట నెవడో ఆ చిత్రమును హరించి యీ బిడ్డకు క్యాన్సరు సోకినది సాయము చేయుడని వ్రాసి యూరూర ద్రిప్పెను. స్వామికి జెల్లించిన మ్రొక్కుబడి మహారోగచిహ్న మయ్యెను. ఒకచోట దుడిపింప పదిచోట్ల మొలచెను.

"బిడ్డ నిక్షేపంగా ఉండగానే జనం అయ్యో అంటున్నారండీ. ఆ మాట వెనక్కి తీసుకురాగలరా?" అని తాయారు ఒక్కనాడడిగి మఱి యడుగలేదు. నేడు వాని ఆయురారోగ్యములకై అర్చన చేయింపవలెనని ఆమెయే బయలుదేరదీసెను.

మంటపమున బాలుడు ముసుగున నూపిరాడక ఉత్తరీయమును లాగివేసెను. అప్పుడే తలనీలములిచ్చి నెత్తిని గంధము పూసికొన్న యేబదియేండ్ల స్త్రీ యొకతె వానిని జూచి నిలువునం గూలబడెను.

"ఫోనులో చూపించిన క్యాన్సరు బాబు వీడేనా నాయనా? నాకా పిల్లల్లేరు. వీడికి నయం కావాలని ఇప్పుడే జుట్టిచ్చి వస్తున్నా. ఎదురుగా నిలబెట్టాడు చూడు స్వామి." ఆమె వాని తలపై మరల మొలచిన జుట్టు నిమిరెను. "నాది తీసి నీకు పెట్టాడు కదరా తండ్రీ."

నిజము చెప్పిన నామె దైవము కూలును. చెప్పకున్న దైవసన్నిధిని అబద్ధమగును. దేనిని స్వామి క్షమించునో వేదాద్రికి దెలియలేదు. తాయారు అతని మొగము వంకనే చూచుచుండెను.

"అవునమ్మా, తగ్గింది" అని అతడు పలికెను. ఇన్నినాళ్లు తాను శపించిన దొంగ వ్రాతకు తన నోటనే సాక్ష్యమిచ్చెను.

ఆమె కన్నులు తుడుచుకొని కొంగుమడతలోని ఫోను దీసెను. "ఒక్క ఫోటో తీసుకుంటా నాయనా. నయమైందని అందరికీ పంపాలి. నాలాగ ఎంతమంది మొక్కుకున్నారో పాపం."

తాయారు మొగము ద్రిప్పుకొనెను. వేదాద్రి క్రిందబడిన ఉత్తరీయమును దీసి తన భుజమున వేసికొనెను. బాలుడు మాత్రము ఫోను జూచినంతనే అలవాటు చొప్పున చక్కగా నిలుచుండి నవ్వెను.