అవ్వ మీద ఒట్టు

వాలంటీర్లంటే నాకు మొదటినుంచీ పడదు. నాచారంలోని మా బడికి ఏడాదికి ఇద్దరో ముగ్గురో విదేశాల నుంచి వస్తారు. మాది అందరు పిల్లలూ కలిసి చదివే బడి. మాటలు రానివాళ్లూ, నడవలేనివాళ్లూ, ఏ ఇబ్బందీ లేనివాళ్లూ ఒకే గదిలో కూర్చుంటారు. ఆ వచ్చినవాళ్లు మూడు నెలలు పిల్లల్ని ముద్దుచేసి, ఫొటోలు దిగి, వెళ్లేరోజు భోరుమని ఏడ్చి విమానమెక్కుతారు. ఆ తర్వాత "అక్క ఏది టీచర్?" అని అడిగే పిల్లలకు జవాబు చెప్పుకోవాల్సింది నేను.

అందుకే రెండువేల పదకొండులో జర్మనీ నుంచి ఊటె వచ్చినప్పుడు నేనేమీ మురిసిపోలేదు. అయితే ఆవిడ పడుచుపిల్ల కాదు, యాభై దాటిన మనిషి. వాళ్ల ఊళ్లో వృద్ధాశ్రమంలో పనిచేసి వచ్చిందట. ఫొటోలు తీయదు, ముద్దులు పెట్టదు. వచ్చిన మర్నాడే చీపురు పట్టుకుంది. పిల్లలు ఆవిడకి ఊటమ్మ అని పేరు పెట్టారు. కొన్నాళ్లకు నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను, ఏం చేస్తాం.

ఊటమ్మ కళ్లు కావ్య మీద పడ్డాయి. కావ్యకు ఎనిమిదేళ్లు. పుట్టినప్పటి నుంచీ కుడిచెయ్యి పనిచేయదు, పిడికిలి బిగుసుకుని రొమ్ముకు ఆనుకుని ఉంటుంది. ఎడంచేత్తో బొమ్మలు వేస్తుంది, పక్కవాణ్ని గిల్లుతుంది, పట్టుబడితే అదే చేత్తో దండం పెడుతుంది. ఆ చేత్తో అన్నం మాత్రం తినదు. అమ్మానాన్నా ఇద్దరూ ఫ్యాక్టరీ పనికి పోతారు కనుక నాయనమ్మ మల్లవ్వ రోజూ మధ్యాహ్నం వచ్చి, కలిపి నోట్లో పెట్టి పోతుంది. ఇంకెవరు పెట్టినా ఆ పిల్ల నోరు తెరవదు.

"ఎడమచెయ్యి ఇంత బాగా పనిచేస్తోంది కదా, ఒక చెంచా ఇవ్వచ్చుగా?" అని ఊటమ్మ నన్ను ఇంగ్లీషులో అడిగింది. మా దగ్గర ఎడంచేత్తో తినరని చెప్పాను. ఎందుకని అడిగింది. అదీ చెప్పాను. "కడుక్కుంటే సరిపోదా?" అంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ అన్నదాంట్లో తప్పు దొరకలేదు మరి.

ఒకరోజు మల్లవ్వ రాకముందే ఊటమ్మ కావ్య ఎడంచేతిలో చెంచా పెట్టింది. పిల్ల నాలుగు చెంచాలు గబగబా తినేసి, గెలిచినట్టు అందరి వైపూ చూసింది. సరిగ్గా అప్పుడే మల్లవ్వ గుమ్మంలోకి వచ్చింది. వస్తూనే చెంచా లాగి అవతల పారేసింది.

"పుర్రసేతితోని బువ్వ తినిపిస్తరా టీచరమ్మా? రేపు పెండ్లిల బంతిల కూసుంటె నలుగురు ఏమంటరు? లేపి పంపుతరు. ఒక సెయ్యి లేకపాయె, ఇగ దానికి ఇజ్జత్ సుత లేకుంట జేస్తరా?"

నేను ఆ మాటల్లో సగం ఊటమ్మకు ఇంగ్లీషులో చెప్పి సగం మింగేశాను. మల్లవ్వ అంతటితో ఆగలేదు. కావ్య ఎడంచేతిని పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఈ సేతితోని ఎన్నడు తిననని నా మీద ఒట్టెయ్యి."

కావ్య వేసింది, ఆ చేత్తోనే.

ఒట్టంటే ఏమిటని ఊటమ్మ అడిగింది. "మాట తప్పితే ఆ ముసలావిడ చచ్చిపోతుంది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మర్నాడు మల్లవ్వకు చేతులు జోడించి, తనకు వచ్చిన రెండు తెలుగు ముక్కల్లో "తప్పు నాది" అంది. ఆ తర్వాత చాలా రోజులు చెంచా జోలికి పోలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఒకరోజు మల్లవ్వ పొద్దున్నే బీపీ గోళీల కోసం ఉప్పల్ పోయింది. ఇంతలో ఉప్పల్ చౌరస్తాలో రాస్తారోకో మొదలైంది. బస్సులు, ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆవిడ అందులో చిక్కుకుందని మాకు తెలియదు.

పిల్లలంతా తినేసి ఆటలకు పోయారు. కావ్య పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసి ముందు పెట్టుకుని, గేటు వైపు చూస్తూ కూర్చుంది. నేను ముద్ద కలిపి పెట్టబోతే మూతి బిగించింది. ఆయా బతిమాలింది, బెదిరించింది. "అవ్వ వస్తది" అన్న మాట తప్ప ఇంకోటి లేదు. మూడయ్యేసరికి టమాట పప్పు ఎండి అన్నానికి అంటుకుపోయింది. పిల్ల మొహం వాడిపోయింది. ఉండబట్టలేక ఊటమ్మ చెంచా తెచ్చి డబ్బా పక్కన పెట్టి, దూరంగా పోయి కూర్చుంది. కావ్య చెంచాను చూసింది. ఎడంచేతిని తొడ కిందికి దూర్చి, దాని మీద కూర్చుంది.

"తినమ్మా, ఎవ్వరం చెప్పం" అన్నాను.

"అవ్వ సస్తది టీచర్."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మల్లవ్వ నాలుగు దాటాక వచ్చింది. ఎండలో ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా నడిచి వచ్చిందట. తెగిన చెప్పు చేతిలో ఉంది. డబ్బాను చూసింది, మనవరాల్ని చూసింది.

"ఇప్పటిదాంక తినలేదా బిడ్డా?"

"నువ్వొస్తవని సూసిన."

మల్లవ్వ నేల మీద చతికిలబడింది. మంచినీళ్లిస్తే తాగలేదు. చెయ్యి కడుక్కుని గబగబా అన్నం కలిపి ముద్ద చేసింది. ముద్ద పిల్ల నోటి దాకా పోయి ఆగింది.

"మరి నేను రాకపోతె?"

"ఆగుత" అంది కావ్య.

"రేపు సుత రాకపోతె?"

"రేపు సుత ఆగుత."

మల్లవ్వ ముద్దను మళ్లీ డబ్బాలో పెట్టేసింది. తర్వాత తనే చెంచా తీసి పిల్ల ముందుకు జరిపింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. తిను."

కావ్య కదల్లేదు. "నువ్వు సావవా అవ్వా?"

"సస్త బిడ్డా. ఎవరైనా సచ్చేటోల్లే. గందుకే నువ్వు తినుడు నేర్వాలె."

కావ్య తొడ కింది నుంచి చెయ్యి తీసింది. మొదటి చెంచా సగం ఒళ్లో పడింది. రెండోది నోట్లోకి పోయింది. మల్లవ్వ అన్నం అంటిన చేతిని అలాగే ఒళ్లో పెట్టుకుని, పిల్ల తినడం చూస్తూ కూర్చుంది.